పళ్ల మేస్త్రి అచ్చులు

"మీ అమ్మాయితో నాకు పిల్లి కావాలి" అన్నాడు ఆ అబ్బాయి గుమ్మంలో నిలబడి, ఎంతో వినయంగా.

పళ్ల మేస్త్రి చేతిలోని మైనం కత్తిని పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. ఆరడుగుల మనిషి. తల నున్నగా దువ్వుకుని, చొక్కా గుండీలు మెడదాకా బిగించుకుని వచ్చాడు. పిల్లి కోసం ఇంత ముస్తాబవుతారా ఎవరైనా?

"మా ఇంట్లో పిల్లి లేదు బాబూ. కింద మూడో అంతస్తు వాళ్లకుంది, అడిగి చూడు."

అతను కళ్లు మూసుకుని మళ్లీ అందుకున్నాడు. "పిల్లి కాదండీ. పేలి. మీ అమ్మాయి, నేను, ఇద్దరం కలిసి పేలి..."

"పేలిపోతారా!" అంటూ మేస్త్రి స్టూలు మీంచి లేచాడు.

మెట్ల మలుపులో దాక్కున్న కూతురు ఇక ఆగలేక, పొట్ట పట్టుకుని నవ్వుతూ లోపలికి వచ్చింది. "పెళ్లి నాన్నా, పెళ్లి! ఎన్నాళ్ల నుంచో చెప్పిస్తున్నాను. ఇందాక బస్సులో కూడా సరిగ్గానే అన్నాడు. నీ మొహం చూడగానే మొత్తం ఎగిరిపోయింది."

ఆ అమ్మాయి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆ అబ్బాయి అదే ఆసుపత్రిలో, విరిగి అతుక్కున్న కాళ్లూ చేతులూ మళ్లీ ఆడేలా చేసే ఫిజియో. ఇంట్లో కూడా అతనికి ఆ పేరే స్థిరపడింది. అతని భాష వేరు, వీళ్ల భాష వేరు. ఈ అమ్మాయి కోసం తెలుగు నేర్చుకుంటున్నాడు గానీ, అతని భాషలో హ్రస్వమూ దీర్ఘమూ అనే పట్టింపు లేదు. మామయ్యను మమయ్య అనేవాడు, అత్తయ్యను ఆటయ్య అనేవాడు. అయినా మేస్త్రికి ఆ పూటే నచ్చేశాడు. పిల్లనిచ్చే మనిషి ముందు పరువు పోతుందని తెలిసి కూడా నోరు తెరిచాడంటే, పిల్లాడికి గుండె ఉన్నట్టే లెక్క అని భార్యతో అన్నాడు.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. దంత వైద్యులు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ కూర్చి, పళ్ల సెట్లు తయారు చేస్తాడు. అయిదో అంతస్తులోని వాళ్లింట్లో, అద్దాలు బిగించి మూసేసిన బాల్కనీయే ఆయన పని గది. అరల నిండా ఊళ్లోవాళ్ల దవడలు తెల్లగా, బారులు తీరి ఉంటాయి. భార్య బస్టాండులో పార్సిల్ కౌంటర్ చూస్తుంది. మూటల గుట్ట వెనక నుంచి ప్లాట్‌ఫారం చివర ఉన్న హమాలీకి వినపడేంత గొంతు ఆమెది. అందరూ పార్సిలమ్మ అంటారు, ఆమెకూ ఆ పేరంటే ఇష్టమే.

చిక్కు వియ్యపురాలి దగ్గర వచ్చింది. ఫిజియో వాళ్లమ్మ ఎక్కడో సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈత నేర్పే టీచర్. పిల్లను, పిల్ల తల్లిదండ్రులను చూడటానికి వస్తానని కబురు పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు. వీళ్లకి ఆవిడ భాష రాదు. మధ్యలో మిగిలింది ఇంగ్లిష్. అదీ ఆవిడకి అంతంతమాత్రమేనట.

"మీరేం కంగారు పడకండి. మీరు తెలుగులో మాట్లాడండి, నేను పక్కనుండి చెప్తాను" అంది కూతురు.

మేస్త్రికి ఆ మాట రుచించలేదు. "నా కూతురి పెళ్లి మాట నా కూతురి నోటితో చెప్పించనా? కనీసం ఒక్క వాక్యమైనా నేనే అనాలి."

"నవ్వితే చాలదూ?" అంది పార్సిలమ్మ. "నేనైతే మూడు ముక్కలే మాట్లాడతా. కమ్, సిట్, ఈట్. పోట్లాటలకి తావుండదు."

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, సైకిల్ షాపు మీద ఉన్న ట్యూషన్ గదికి వెళ్లాడు. అక్కడ పాఠం చెప్పే మేడమ్ ఒకప్పుడు విమానాశ్రయంలో ప్రకటనలు చదివిన మనిషి. ఇప్పటికీ "కూర్చోండి" అన్నా సరే ఏదో విమానం బయల్దేరుతున్నట్టే ఉంటుంది. మేస్త్రి తను అనదలచుకున్న వాక్యాన్ని ఆవిడకి అప్పజెప్పాడు. ఈ పెళ్లి మాకు కావాలి. అంతే. వుయ్ వాంట్ దిస్ మ్యారేజ్.

మేడమ్ ఆయన చేతికి చిన్న అద్దం ఇచ్చింది. "ఏదీ, వాంట్ అనండి."

"వాంట్."

"మేస్త్రిగారూ, మీరు వాంట్ అంటుంటే కొండనాలుక కనిపిస్తోంది. నోరు అంత బార్లా తెరవకూడదు. పెదాలు కాస్త గుండ్రంగా పెట్టండి. అక్కడున్నది ఆ కాదు."

"మరి ఓనా?"

"ఓ కూడా కాదు. రెండింటికీ మధ్యది."

"ఆ మధ్యదానికి అక్షరం ఏది మేడమ్?"

"మనకి లేదు."

మేస్త్రి అద్దం దించేశాడు. "ఇన్ని అక్షరాలు పెట్టుకుని ఇదొక్కటీ వదిలేశారా మనవాళ్లు! అక్షరమే లేనిదాన్ని నేనెక్కడ పట్టుకోను? నా బతుకంతా అచ్చుల్లోనే గడిచింది మేడమ్. పై దవడ అచ్చు, కింది దవడ అచ్చు. ఎంత వంకర దవడైనా ఒక్క పోతలో దించేస్తాను."

"ఆ అచ్చులు చేతికి దొరుకుతాయి. ఈ అచ్చులు గాల్లో ఉంటాయి" అంది మేడమ్. "ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు అయిదే. పలికేటప్పుడు వాటికి బోలెడంత సంతానం. ఇంకో సంగతి, వీటిలో పళ్లకి పనేమీ లేదు. అంతా నాలుక, పెదవుల భాగోతం. మీ వృత్తి ఇక్కడ మీకు సాయం రాదు."

ఆ చివరి మాట మేస్త్రి పౌరుషానికి తగిలింది. ఇంటికి వచ్చి, సెట్ల చిగుళ్లకు వాడే గులాబీ రంగు యాక్రిలిక్‌తో ఉంగరంలాంటి బిళ్ల ఒకటి చేశాడు. దాన్ని పెదాల మధ్య ఇరికించుకుంటే మూతి దానంతటదే గుండ్రంగా నిలబడుతుంది. తలుపు వేసుకుని, అరల్లోని దవడల ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "వో... వో... వో..."

పార్సిలమ్మ టీ గ్లాసుతో తలుపు తోసింది. భర్త మూతి ముందుకు పొడుచుకొచ్చి, కళ్లు తేలేసి, మూలుగుతున్నాడు. గ్లాసు అక్కడే గచ్చు మీద పెట్టేసి ఆయన రెండు చెంపలూ పట్టుకుంది.

"ఏమండీ! మూతి వంకర పోయిందా? చెయ్యెత్తండి, చెయ్యెత్తండి! కాలు లేస్తోందా? అమ్మాయికి ఫోన్ చెయ్యనా?"

మేస్త్రి బిళ్ల తీసి, పెదాలు తుడుచుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సంగతి చెప్పక తప్పలేదు. ఆమె కాసేపు తలుపుకి ఆనుకుని నవ్వి, నవ్వి, చివరికి ఆ బిళ్ల తనూ పెట్టుకుని చూసి, అద్దంలో తన మూతి చూసుకుని మంచం మీద కూలబడింది.

ఇక ఆ రోజు నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మేస్త్రి కనిపించిన ప్రతి ఇంగ్లిష్ మాటకీ మూతి గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టాడు. హాలు హోల్ అయింది. బాల్ బోల్ అయింది. డాక్టరుకు ఫోన్ చేస్తే డోక్టర్‌గారూ అన్నాడు, అవతలివాడు రాంగ్ నంబర్ అని పెట్టేశాడు. వాంట్ అనే మాటకైతే చెప్పనే అక్కర్లేదు. మధ్యలో ఆగాల్సిన పెదాలు మధ్యలో ఆగక, చివరిదాకా వెళ్లి వోంట్ దగ్గర గట్టిగా కూర్చున్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, అచ్చం అలాగే.

మేడమ్ విని ఉంటే పట్టుకునేదే. కానీ అంతలో ఆవిడకి జలుబు చేసి ట్యూషన్ మూతబడింది. కూతురికేమో నాన్న ఏ వాక్యం అనబోతున్నాడో తెలియదు. అడిగినా ఆయన చెప్పలేదు. "ఆ రోజు విందువు గానిలే తల్లీ" అని ఊరించాడు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు తుడిచి, కుర్చీలకు కొత్త గలేబులు తొడిగి, బల్ల మీద బిస్కెట్లు, పళ్ల ముక్కలు సర్దారు. కూతురూ ఫిజియో స్టేషన్‌కి వెళ్లి వియ్యపురాల్ని తీసుకొచ్చారు. కింద లిఫ్ట్ దగ్గర ఆవిడ ఆగి, అయిదంతస్తులేగా, నేను మెట్లెక్కి వస్తాను, సామాను మీరు తీసుకురండి అంది. ఈత టీచర్ మాట ఈత టీచర్ మాటే. పిల్లలిద్దరూ రెండు పెట్టెలతో ఆ పాతకాలపు జాలీ తలుపుల లిఫ్ట్ ఎక్కారు. అది మూడో అంతస్తు దాటి, నాలుగో అంతస్తు చేరకుండా, మధ్యలో ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు.

అయిదో అంతస్తులో గంట మోగింది. మేస్త్రి తలుపు తీశాడు. ఎదురుగా, ఇంత కూడా ఆయాసం లేకుండా, పొట్టి జుట్టు, ఎండకు కాగిన బుగ్గలు, భుజాలు తలుపు నిండా ఉన్న మనిషి. మెళ్లో తాడుకి వేలాడుతున్న ఈల. బహుశా ఆవిడ దాన్ని నిద్రలో కూడా తియ్యదేమో. రెండు చేతులూ చాపి ఇద్దర్నీ ఒకేసారి కౌగిలించుకుంది. పార్సిలమ్మ ముక్కు ఆ ఈలకు కొట్టుకుంది.

"కమ్!" అంది పార్సిలమ్మ.

"కమ్, కమ్ టు అవర్ హోల్!" అన్నాడు మేస్త్రి, చెయ్యి హాలువైపు చాపి.

హోల్ అంటే బొక్క. మా బొక్కలోకి రండి అన్నట్టు వినపడిందావిడకి. వియ్యపురాలు ఒక్క క్షణం గచ్చు వైపు చూసుకుని, ఎక్కడా గొయ్యి కనపడక, పాపం ఎంత వినయమో వీళ్లకి అనుకుని, మురిసిపోయి లోపలికి నడిచింది.

"సిట్!" అంది పార్సిలమ్మ. ఆవిడ కూర్చుంది. "ఈట్!" అంది. ఆవిడ బిస్కెట్ తీసుకుంది. పార్సిలమ్మ భర్త వైపు చూసి కళ్లెగరేసింది. తన ఇంగ్లిష్ అయిపోయింది, ఒక్క తప్పు లేకుండా.

పిల్లలు రాలేదేమిటి అని మేస్త్రి గుమ్మం వైపు చూశాడు. సామానుతో వస్తున్నారు కాబోలు అనుకున్నాడు. ఆగలేకపోయాడు. అన్ని మధ్యాహ్నాలు దవడల ముందు చేసిన సాధన ఛాతీలో పొంగుతోంది. లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, మొహం నిండా నవ్వుతో మూతి గుండ్రంగా చుట్టాడు.

"మేడమ్! వుయ్ వోంట్ దిస్ మ్యారేజ్."

వియ్యపురాలి బిస్కెట్ నోటి దగ్గరే ఆగిపోయింది.

"మై వైఫ్ ఆల్సో వోంట్" అన్నాడు మేస్త్రి ఇంకా ఉత్సాహంగా. "మై డాటర్ వోంట్, వోంట్, వోంట్!"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కావాలి అనబోయి ఒప్పుకోం అన్నాడని ఆయనకు తెలియదు. ఇంత చల్లగా నవ్వుతూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెళ్లి వద్దంటున్న మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. చెవుల్లో ఏమైనా నీళ్లు ఉండిపోయాయేమోనని తల ఒక పక్కకి వంచి తట్టుకుంది.

"యూ... వోంట్?"

"యస్!" అన్నాడు మేస్త్రి, అర్థమైందన్న ఆనందంతో. "వెరీ మచ్ వోంట్!"

ఆవిడ బిస్కెట్ పళ్లెంలో పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఈత టీచర్లు అంత తేలిగ్గా మునిగిపోరు. లేచి, పార్సిలమ్మ చేతులు రెండూ పట్టుకుని బతిమాలడం మొదలుపెట్టింది. పిల్ల నా ఇంట్లో నా దగ్గరే బతుకుతుంది, జీవితాంతం సుఖంగా ఉంటుంది అన్నది ఆవిడ మనసులో మాట. అందుకు కావాల్సిన మాట లివ్. కానీ హ్రస్వమూ దీర్ఘమూ లేని నోటికి లివ్ ఎక్కడిది?

"యువర్ డాటర్, షి మస్ట్ లీవ్! ఐ వాంట్ హర్ టు లీవ్! ఆల్వేస్ లీవ్!"

లీవ్ అంటే ఏమిటో పార్సిల్ కౌంటర్‌లో పనిచేసే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. బస్సు లీవ్ అయిందంటే వెళ్లిపోయిందని. పార్సిలమ్మ చేతులు లాగేసుకుంది.

"ఏమంటోందండీ ఈవిడ? మన పిల్ల వెళ్లిపోవాలా?"

మేస్త్రి మొహంలో నవ్వు ఎండిపోయింది. "అలాగే అంటోంది. ఎప్పటికీ వెళ్లిపోవాలట."

"ఎక్కడికి వెళ్లిపోవాలి? ఎందుకు వెళ్లిపోవాలి? పెళ్లి కాకముందే వెళ్లగొట్టడమేంటి? ఇందుకేనా మెట్లెక్కి వచ్చింది!" పార్సిలమ్మ గొంతు బస్టాండు స్థాయికి చేరింది. "వదినగారూ, మా పిల్ల ఏమన్నా చిరునామా తప్పిన మూట అనుకున్నారా, తిప్పి పంపడానికి?"

వియ్యపురాలికి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, అరుపు మాత్రం అర్థమైంది. ఆవిడా తన భాషలో అందుకుంది. "లీవ్! లీవ్!" అని మధ్యమధ్యలో గుండెలు బాదుకుంది. మేస్త్రి ఇద్దరి మధ్యా దూరి, "మేడమ్, వుయ్ వోంట్! వోంట్!" అని సర్దిచెప్పబోయాడు. దాంతో అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. మూడు గొంతులూ కలిసి, కిటికీ అద్దాలు గలగలలాడుతుంటే, ఆవిడ అలవాటు కొద్దీ ఈల నోట్లో పెట్టుకుని ఊదింది.

ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఎక్కడో కింద ఒక కుక్క కూడా మొరగడం ఆపేసింది.

ఆ నిశ్శబ్దంలో లిఫ్ట్ గొయ్యి లోంచి సన్నగా కూతురి గొంతు వినిపించింది. "అమ్మా! నాన్నా! మేం ఇక్కడ ఇరుక్కుపోయాం! ఏం జరుగుతోందక్కడ?"

ముగ్గురూ గుమ్మం బయటికి పరిగెత్తారు. మేస్త్రి లిఫ్ట్ జాలీకి మొహం ఆనించి, మోకాళ్ల మీద కూలబడి కిందికి అరిచాడు. "తల్లీ! మీ అత్తగారు నిన్ను వెళ్లిపొమ్మంటోంది!"

"ఏంటీ? అంతకుముందు నువ్వేమన్నావు?"

"నేను మంచి మాటే అన్నాను! వుయ్ వోంట్ దిస్ మ్యారేజ్ అన్నాను!"

 కూతురు గోడలు అదిరేలా అరిచింది. "అయ్యో నాన్నా! వోంట్ అంటే వద్దని! వాంట్! వాంట్! నోరు తెరువు నాన్నా!"

"నోరు తెరవొద్దని కదా మేడమ్ చెప్పింది!"

"ఏ మేడమ్?"

ఈలోగా ఫిజియో తన భాషలో వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. ఆవిడ పైనుంచి "లీవ్" అంటోంది, అతను కిందనుంచి "లివ్" అంటున్నాడు. "లీవ్!" "లివ్!" "లీవ్!" "లివ్, లివ్!" ఇటు మేస్త్రి "వోంట్" అంటున్నాడు, కూతురు "వాంట్" అంటోంది. గొడవేమిటో చూద్దామని నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి, రెండో అంతస్తులో తెరుచుకున్నాయి. మూడో అంతస్తు ముసలాయన పిల్లిని చంకలో పెట్టుకుని వచ్చాడు. మెట్ల మీదంతా జనం. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియకపోయినా అందరూ సాయం చేయాల్సిందేనని పట్టుబట్టారు. "వాంట్ అనండి మేస్త్రిగారూ!" అని ఒకరు, "కాదు కాదు, వొంట్" అని ఇంకొకరు, "వోంట్ అంటే వంట కాదండీ" అని మరొకరు. ఎవరి అచ్చు వాళ్లదే. మూడో అంతస్తు ముసలాయన చెప్పినదానికి పిల్లి కూడా విసుక్కుని కిందికి దూకేసింది.

ముందుగా అర్థమైంది వియ్యపురాలికి. మెల్లగా మేస్త్రి వైపు తిరిగి, వేలు చూపించి అడిగింది. "యూ... వాంట్?"

"యస్" అన్నాడు మేస్త్రి దీనంగా. "వోంట్."

ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి, భుజాలు ఊగిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా!" కిందనుంచి కూతురు అరుస్తూనే ఉంది. "ఆవిడ వెళ్లిపొమ్మనలేదు! తనతో కలిసి ఉండాలి, తనింట్లోనే బతకాలి అంటోంది!"

పార్సిలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. చిరునామా తప్పిన మూట అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. వెళ్లి వియ్యపురాలి పక్కనే మెట్టు మీద కూర్చుని, ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. "నన్ను క్షమించు వదినా" అంది. ఆవిడకి అర్థమైనా కాకపోయినా, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకున్నారు. నవ్వీ నవ్వీ వియ్యపురాలికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

"ఇక్... ఇక్..."

మేస్త్రి చటుక్కున తలెత్తాడు. "అదే! అదే మేడమ్! అదే చిన్న ఇ! మళ్లీ అనండి! లివ్!"

"లి... ఇక్... వ్!" అంది ఆవిడ.

మెట్ల మీద జనం చప్పట్లు కొట్టారు. ఆవిడకే నమ్మకం కుదరలేదు. మళ్లీ అంది. ఎక్కిలి వచ్చినప్పుడల్లా హ్రస్వం కత్తిరించినట్టు పడుతోంది. ఎక్కిలి రానప్పుడు మళ్లీ లీవ్ అయిపోతోంది. ఎవరో మంచినీళ్లు తెస్తే ఫిజియో కిందనుంచి అరిచాడు. "నీలు ఇవ్వద్దు! నీలు ఇవ్వద్దు! ఇంకొంచెం సేపు ఉండనివ్వండి!"

మేస్త్రికి మాత్రం ఏ ఎక్కిలీ రాలేదు. ఎంత ప్రయత్నించినా పెదాలు వెళ్లి వోంట్ దగ్గరే ఆగుతున్నాయి. ఈ నోటిని నమ్ముకుంటే మొదటికే మోసం అనుకుని లోపలికి వెళ్లాడు. అరలోంచి రెండు ప్లాస్టర్ దవడలు తీసుకొచ్చి వియ్యపురాలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పై దవడ చూపించి, "యువర్ సన్" అన్నాడు. కింది దవడ చూపించి, "మై డాటర్" అన్నాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇటూ అటూ కాస్త కదిపాడు. పళ్లు పళ్లలో కూర్చుని టక్కున అతుక్కున్నాయి. పై చెయ్యి తీసేసి, పక్కకి వంచి చూపించినా జారలేదు.

ఆవిడ ఆ దవడల్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఎవరివో ఏమిటో అడక్కుండా, ముద్దు పెట్టుకుంది. అవి నిజానికి ఊళ్లో ఒక రిటైరైన తాసిల్దారువి.

"ఇంగ్లిష్ పోతే పోయింది" అంది పార్సిలమ్మ. "వదినగారూ, నేను నేర్పుతాను మా మాట. కావాలి. అనండి, కా-వా-లి."

"కావలి" అంది వియ్యపురాలు శ్రద్ధగా.

"కావలి కాదు, కావాలి."

"కావలి!" ఈసారి కొలను అవతలి ఒడ్డుకు వినపడే గొంతుతో అంది. "కావలి! కావలి!"

కింద గేటు దగ్గరున్న కాపలా మనిషి ఆ కేకలు విని, ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "ఎవరమ్మా, కావలి వాణ్ని పిలిచింది? ఏమైంది, దొంగలా?"

మళ్లీ నవ్వులు. అసలు ఈ హడావుడిలో లిఫ్ట్ సంగతి అందరూ మర్చిపోయారని అతను వచ్చాకే గుర్తొచ్చింది. అతను పైకి వెళ్లి, మోటారు గదిలో చక్రం చేత్తో తిప్పాడు. లిఫ్ట్ మూలుగుతూ నాలుగో అంతస్తుకు పాకింది. జాలీ తలుపు లాగితే, చెమటలు కక్కుతూ, పెట్టెల మీద ఒకరి పక్కన ఒకరు కూర్చుని పిల్లలిద్దరూ కనిపించారు. పెళ్లి కుదిరిందో చెడిందో తెలియక ఫిజియో మొహం పాలిపోయి ఉంది. మెట్ల మీద ఇంతమంది ఎందుకు నవ్వుతున్నారో అతనికి అర్థం కాలేదు. మేస్త్రి అతన్ని లేవదీసి, గట్టిగా కౌగిలించుకున్నాడు.

"మామయ్యా" అన్నాడు ఫిజియో. దీర్ఘం సరిగ్గా పడింది. ఎవరూ గమనించలేదు, కూతురు తప్ప.

పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ రోజు వాన పడటం, మేడమ్ జలుబు తగ్గి బంగారు రంగు గొడుగుతో రావడం తప్ప చెప్పుకోదగ్గ గొడవేమీ జరగలేదు. వియ్యపురాలు తిరిగి వెళ్లాల్సిన రైలు ఒకటి వెళ్లిపోయింది, ఇంకొకటి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లలేదు. పార్సిలమ్మ వెళ్లనివ్వలేదు. ఇద్దరూ రోజూ పొద్దున్నే సంచులు తగిలించుకుని మున్సిపల్ ఈతకొలనుకు పోవడం మొదలుపెట్టారు. వాళ్లు దారంతా మాట్లాడుకునే భాషేమిటో మేస్త్రికి ఎన్నిసార్లు విన్నా అంతుపట్టలేదు. అందులో మూడు భాషలున్నాయి, బోలెడన్ని చేతులున్నాయి.

ఒక ఆదివారం ఆయనా వెంట వెళ్లాడు. పాతికేళ్లుగా మూటల మధ్య నిలబడి నడుం నొప్పి అని మూలిగే భార్య, మోకాళ్ల లోతుకు మించి నీళ్లలో దిగి ఎరగని మనిషి, టోపీ పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఆయన గట్టు అంచుదాకా వెళ్లి నిలబడ్డాడు. ఆమె చలికి, భయానికి కెవ్వుమని అరిచింది. ఆ అరుపు కొలను పైకప్పుకు తగిలి తిరిగొచ్చింది. వియ్యపురాలు ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టి, చెవిలో ఏదో చెప్పి, మెల్లగా చెయ్యి తీసేసింది.

పార్సిలమ్మ మునగలేదు. చేతులు చాపుకుని, కళ్లు మూసుకుని, నీళ్ల మీద అలా ఉండిపోయింది.

"ఏమండీ" అంది కళ్లు తెరవకుండానే, కొలనంతా వినపడేలా. "చూస్తున్నారా? నేను ఏమీ మోయడం లేదు!"

మేస్త్రి పంట్లాం మడిచి, చెప్పులు విప్పి, ఒడ్డున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు.